కంచె మూల స్తంభములకు నేల లంగరులు: ఇంటివద్దనే తయారు చేసికొను పద్ధతి

పొలము చుట్టు కంచె వేయుటకు రైతు పెట్టు ఖర్చు తక్కువది కాదు. రాతి స్తంభములు, ముళ్ళతీగ, కూలి అన్నియు కలిసి ఒక పంట రాబడిని మింగివేయును. అయినను రెండు వానకాలములు గడచునప్పటికి ఎన్నో కంచెలు వదులై, మూలలు లోపలికి వాలి, తీగలు జారి కనిపించుచుండును. అట్టి కంచె గేదెను ఆపదు, అడవిపందిని అసలే ఆపదు. క్రింది తీగ వదులుగా ఉన్నచో పంది దానిని ముట్టెతో ఎత్తి దూరును. చేతికి వచ్చిన వేరుశనగ గాని, మొక్కజొన్న గాని ఒక్క రాత్రిలో పాడగును.

తీగ మంచిది కానందున కంచె చెడినదని చాలమంది అనుకొందురు. కాని ముందుగా ఓడిపోవునది మూల స్తంభము. మూల నిలిచినచో కంచె నిలుచును. మూలను నిలుపుటకు ఖరీదైన సామగ్రి అవసరము లేదు. విరిగిన రాతి స్తంభపు ముక్క, కొంత తీగ, ఒక పూట శ్రమ ఉన్నచో చాలును. అయితే లంగరును ఎంత లోతున, ఏ చోట, ఏ విధముగా పాతవలెనో మీరు తెలిసికొనవలెను.

మూల స్తంభము ఎందుకు వాలును?

నడుమ ఉన్న స్తంభమును తీగలు రెండువైపుల సమానముగా లాగును. కావున దానికి ప్రమాదము లేదు. మూల స్తంభమును, గేటు స్తంభమును తీగలు ఒకవైపునకే లాగును. ఒక్కొక్క తీగ బిగువు 100 కిలోలు అనుకొన్నచో, 5 తీగల కంచె ఆ స్తంభమును రాత్రింబవళ్ళు 500 కిలోల బలముతో లాగుచుండును. చలికాలములో ఇది ఇంకను పెరుగును. 100 మీటర్ల ఇనుప తీగ 20 డిగ్రీల వేడి తగ్గినపుడు సుమారు రెండున్నర సెంటీమీటర్లు కురుచనగును. రెండు అడుగుల లోతున పాతిన స్తంభము, తొలి వానలకు పాదము వద్ద నేల మెత్తబడగానే, ఈ లాగుడునకు లొంగిపోవును.

కరెంటు లైను చివరి స్తంభమునకు స్టే తీగ ఉండుట మీరు చూచియుందురు. ఆ తీగ క్రింద భూమిలో ఒక పలక పాతబడి ఉండును. మనము చేయవలసిన పనియు అదియే.

బలము రాతిలో లేదు, మట్టిలో ఉన్నది

పెద్ద రాయి పాతిన చాలునని తలచుట పొరపాటు. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, అర అడుగు మందము గల నల్లరాయి బరువు సుమారు 75 కిలోలు మాత్రమే. దానిని 3 అడుగుల లోతున పాతినచో దానిపై నిలుచు మట్టి 6 ఘనపు అడుగులు. గట్టిపరచిన మట్టి ఘనపు అడుగునకు 45 నుండి 50 కిలోలు తూగును. అనగా రాతి బరువునకు దాదాపు నాలుగు రెట్లు మట్టి బరువు దానిని అణచియుంచును. అంతియే కాదు, రాయి పైకి లేవవలెనన్న ప్రక్కల ఉన్న మట్టిని కూడ గరాటు ఆకారములో పెల్లగించుకొని లేవవలెను. లోతు పెరిగిన కొలది ఈ గరాటు వెడల్పగును.

కనుక అదే రాతిని 3 అడుగులకు బదులు ఒకటిన్నర అడుగున పాతినచో పట్టు సగము కాదు, లెక్క ప్రకారము దాదాపు నాలుగవ వంతుకు పడిపోవును. గోతిలో మిగుల్చుకొన్న శ్రమ కంచెలో నష్టముగా తేలును.

లంగరు ఎక్కడ ఉండవలెను?

స్టే తీగ కంచె లాగు దిక్కునకు సరిగా ఎదురు దిక్కున, కంచె వరుసలోనే ఉండవలెను. మూలలో రెండు కంచెలు కలియును గనుక రెండు లంగరులు కావలెను. రెంటి నడుమ ఏటవాలుగా ఒక్కటే వేసినచో రెండు కంచెల లాగుడును ఆ ఒక్కటే మోయవలసివచ్చును.

స్తంభమునకు నేలనుండి ఎంత ఎత్తున స్టే కట్టుదురో, తీగ నేలలోకి దిగు చోటు స్తంభమునుండి కనీసము అంత దూరముండవలెను. 4 అడుగుల ఎత్తున కట్టినచో 4 అడుగుల దూరమున తీగ నేలలోకి దిగును. అదే వాలులో 3 అడుగుల లోతునకు పోవునప్పటికి లంగరు స్తంభమునుండి 7 అడుగుల దూరమున ఉండును. ఈ వాలులో 500 కిలోల లాగుడునకు స్టే తీగపై పడునది సుమారు 700 కిలోలు. దూరమును సగము చేసినచో అది 1100 కిలోలు దాటును.

ఈ విధముగా వేయు లంగరు కంచెకు వెలుపల పడును. వెలుపల మీ గట్టు గాని, మీ నేల గాని ఉన్నచోటనే దీనిని వేయుడు. పొరుగువారి చేనిలో గాని, బండ్ల బాటలో గాని వేయరాదు. చోటు లేనప్పుడు మూల స్తంభమును అవసరమైనంత లోపలికి జరుపుడు. అదియు వీలుకానిచో, గేటు వద్దను, లోపలివైపు కంచె వరుసలో ఏటవాలు ఊత స్తంభమును నిలిపి, దాని పాదమునకు ఒకటిన్నర అడుగుల లోతున బల్లపరుపు రాతిని ఆనించవలెను. ఊత మూల స్తంభమును పైకి తన్నును. కావున అట్టి మూల స్తంభమును 3 అడుగుల లోతున కాంక్రీటుతో పాతుట అవసరము.

లంగరుల రకములు

రాతి లంగరు: విరిగిన కడీ లేక కూసపు ముక్క, 2 అడుగులకు తక్కువ కానిది, అన్నిటికంటె చవకైనది. నడుమ భాగమున 8 గేజి జింకు తీగను రెండు చుట్లు చుట్టి ముడివేయవలెను. రాతి అంచు పదునుగా ఉన్నచో సుత్తితో కొట్టి గుండ్రపరచుడు. లేనిచో అంచు తీగను కోయును.

సిమెంటు లంగరు: ఒకటిన్నర అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, అర అడుగు మందము గల దిమ్మెను చెక్క అచ్చులో పోయవలెను. సిమెంటు 1 పాలు, ఇసుక 2 పాళ్ళు, కంకర 4 పాళ్ళు. నీరు ఎక్కువ పోయరాదు. పొడవున రెండు 8 మి.మీ. చువ్వలు వేయుడు. నడుమ 12 మి.మీ. చువ్వ ఒకటి నిలిపి, దాని అడుగుకొనను దిమ్మెలో అడ్డముగా వంచి, పైకొనను కన్నుగా వంచి వెల్డింగు చేయించుడు. కన్ను నేలపైకి అర అడుగు వచ్చునట్లు చువ్వ పొడవు చూచుకొనవలెను. దిమ్మెను 10 దినములు తడుపుచుండవలెను. ఒక బస్తా సిమెంటుతో ఆరేడు దిమ్మెలు వచ్చును.

డిస్కు లంగరు: ట్రాక్టరు నాగలి యొక్క అరిగిన డిస్కు పాత ఇనుముగా తూకమునకు పోవుచుండును. దాని నడిమి రంధ్రము గుండ మర తీసిన చువ్వను దూర్చి, మందమైన ఇనుప పలకను, నట్టును బిగించినచో మంచి లంగరగును.

కర్ర లంగరు: తుమ్మ, వేప మొద్దులను తాత్కాలిక కంచెకు మాత్రమే వాడుడు. తడి, చెదలు తగిలిన కర్ర ఎప్పుడు తెగునో పైకి తెలియదు.

గోతి త్రవ్వుట, పూడ్చుట

త్రవ్వుటకు ముందు అచట నీటి గొట్టములు, మోటారు తీగలు లేవని నిశ్చయించుకొనుడు. గోతిని 7 అడుగుల గుర్తు వద్ద మొదలుపెట్టి స్తంభమునకు దూరముగా త్రవ్వవలెను. స్తంభమువైపు గోడ నిలువుగా, చెక్కుచెదరక ఉండవలెను. అడుగున ఆ గోడలోనికి లంగరు పట్టునంత అర తొలిచి, లంగరును కంచెకు అడ్డముగా, దాని వెడల్పు ముఖము స్టే తీగకు ఎదురుగా ఉండునట్లు అందులో జొప్పించుడు. తీగ లేక చువ్వ బయటకు వచ్చుటకు గడ్డపారతో సన్నని వాలు చాలు మాత్రమే తీయుడు. కదలని నేల పట్టు పూడ్చిన మట్టికి ఎన్నటికిని రాదు. ఈ పని అంతటికి ఇదియే కీలకము.

మట్టిని ఒకేసారి గోతిలోకి త్రోయరాదు. అర అడుగు మట్టి వేసి, కొద్దిగా తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, తరువాత మరియొక పొర వేయవలెను. చివరకు నీరు నిలువకుండ కొంచెము మిట్టగా పోయుడు.

స్టే తీగ బిగించుట

8 గేజి తీగను 4 పేటలుగా స్తంభమునకు, లంగరు కన్నుకు మధ్య వేసి, పేటల నడుమ బలమైన కర్రను దూర్చి మెలిపెట్టినచో తీగ బిగియును. మెలిక విడిపోకుండ కర్రను స్టే తీగకే కట్టివేయుడు. రాతి లంగరు తీగ నేలను తాకుచోట ముందుగా త్రుప్పు పట్టును. కనుక ఆ భాగమునకు, నేలకు ఒక అడుగు పైన, ఒక అడుగు క్రింద, తారు పూయవలెను. లంగరులు పూర్తియైన పిమ్మటనే కంచె తీగలను లాగవలెను. లాగునపుడు తీగకు ఎదురుగా నిలువరాదు; తెగిన తీగ కొరడావలె తిరిగి కొట్టును.

నేలను బట్టి మార్పులు

ఎర్ర నేలలలో 3 అడుగుల లోతు చాలును. నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బును. అందు 4 అడుగులు పోయి, గోతిని మొరముతో నింపి కొట్టవలెను. ఇసుక నేలలో లంగరు వెడల్పును, లోతును రెంటిని పెంచుడు. గట్టి బండ తగిలినచో, దానిలో ఒక అడుగు రంధ్రము వేసి, చువ్వను సిమెంటు, ఇసుక కలిపిన పాకముతో బిగింపవచ్చును. పల్లములలో బిగిసిన తీగలు నడుమ స్తంభమును సైతము పైకి ఎత్తును. అచట స్తంభపు మొదటికి ఒక రాతిని కట్టి పాతుడు.

ద్రాక్ష, దొండ, కాకర పందిళ్ళ అంచు స్తంభములకును ఈ సూత్రములే వర్తించును. అచట కాయల బరువు, గాలి త్రోపు కూడ చేరును గనుక అంచున ఉన్న ప్రతి స్తంభమునకు లంగరు అవసరము.

ముఖ్యమైన హెచ్చరికలు

కంచె తీగను గాని, స్టేను గాని కరెంటు స్తంభమునకు, దాని స్టేకు కట్టరాదు. కంచె వదులైనదని, పందులు వచ్చుచున్నవని లైను కరెంటును తీగలకు కలుపుట ప్రాణములతో ఆట. అట్టి తీగలకు తగిలి పొరుగు రైతులు, పశువుల కాపరులు, కలిపిన వారి ఇంటివారే మరణించిన సంఘటనలు మన పల్లెలలో కలవు. ఇది నేరము కూడ. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారమును శిక్ష కలదు. బిగువైన కంచె ఉన్న రైతునకు ఈ ఆలోచన రాదు.

స్టే తీగ రాత్రివేళ కనబడదు. మనుషులు, పశువులు తట్టుకొని పడకుండ దానికి వెదురు బద్ద కట్టి తెల్ల సున్నము పూయుడు.

తొలి వానలు కురిసిన వారములో ఒకసారి మూలలు చుట్టి రండు. లంగరుపై మట్టి పగుళ్ళిచ్చినదా, స్టే సడలినదా చూడుడు. పగుళ్ళు కనిపించినచో లంగరు కదలుచున్నదని అర్థము. అప్పుడే తీసి లోతుగా పాతినచో అరపూట పని. పంట చేతికి వచ్చు వేళకు విడిచినచో, అది కంచె పనిగా మిగులదు, పంట నష్టమగును.