కాలేజీలో చేరే మన పిల్లలు – ఐచ్ఛిక పాఠ్యాంశాల ఎన్నిక

(యౌవనస్థులకు, తల్లిదండ్రులకు పాఠము)



పన్నెండవ తరగతి ఫలితాలు వచ్చిన వెంటనే మన ఇండ్లలో మొదలయ్యే మాట ఒకటే: "ఆర్ట్సా, కామర్సా, సైన్సా?" ఇది తేలితే పని అయిపోయినట్లే అని చాలామంది తల్లిదండ్రులు అనుకొంటారు. కాని అడ్మిషను ఫారములో ఇంకా కొన్ని గళ్ళు మిగిలి ఉంటాయి. ముఖ్య సబ్జెక్టు కాక వేరే విభాగము నుండి ఒక సబ్జెక్టు, ఒక భాష, మరికొన్ని చిన్న పాఠ్యాంశాలు ఎన్నుకోమని అందులో అడుగుతారు. ఆ గళ్ళను మన పిల్లలు ఎలా నింపుతున్నారు? పక్కన నిలబడిన స్నేహితుడు ఏది రాస్తే అదే రాస్తున్నారు. లేదా "ఇందులో మార్కులు సులభంగా వస్తాయట" అని ఎవరో చెప్పిన మాట నమ్ముతున్నారు. ఈ పాఠములో ఆ గళ్ళ గురించి నేర్చుకొందాము.

పాఠ సారాంశము: ముఖ్య సబ్జెక్టు బిడ్డకు ఒక వృత్తికి దారి చూపుతుంది. ఐచ్ఛిక సబ్జెక్టు ఇంటిలో దొరకని చదువును ఇవ్వాలి. కావున "ఏది సులభము?" అని అడిగే ముందు "మాకు ఏది లోటు?" అని అడగాలి.

1. ఇది మనకు ఎందుకు ముఖ్యము?

కామాటి అనగా కాయకష్టము చేసే కూలి. నిజాము రాజ్యములోని తెలుగు ప్రాంతాల నుండి బొంబాయి కట్టడపు పనులకు వచ్చిన మనవారి పేరు మీదనే కామాటిపురకు ఆ పేరు వచ్చినది. పాలమూరు, కరీంనగరు, నల్లగొండ వైపు నుండి వచ్చినవారిలో కొందరు మట్టి పనికి, రాతి పనికి కుదిరారు. కొందరు ఊరిలో మగ్గము వదలి ఇక్కడ బట్టల మిల్లులలో చేరారు. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో మన కుటుంబాలు అలా స్థిరపడినవే.

1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత ఎన్నో వేలమందికి మరల మిల్లు పని దొరకలేదు. వారు మంచి పనివారు. అయితే చేతిలో ఆ ఒక్క పనే ఉన్నది. ఒక్క పనే తెలిసినవానికి ఆ పని పోతే ఇల్లు ఎలా తలక్రిందులవుతుందో మన చాళ్లు కళ్ళారా చూశాయి.

ఇప్పుడు మనుమల తరము కాలేజీ మెట్లు ఎక్కుతున్నది. చాలా ఇండ్లలో వీరే మొదటి డిగ్రీ విద్యార్థులు. వకీలు కూతురికి, డాక్టరు కొడుకుకు భోజనము దగ్గరే సలహా దొరుకుతుంది. మన బిడ్డకు ఆ సలహా చెప్పగలవారు ఖోలీలో లేరు. గనుక ఈ విషయము సంఘములో కూర్చొని మాట్లాడుకోవలసినది.

2. ఈ ఆలోచన ఎక్కడ నుండి వచ్చినది?

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేశారు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో భారత ప్రభుత్వము ఆయన అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ను నియమించినది. 1949లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదికలో డిగ్రీ విద్యార్థులకు సాధారణ విద్య తప్పక ఉండాలని సిఫారసు చేశారు. అనగా సైన్సు చదివేవానికి సాహిత్యము, సమాజము తెలియాలి. సాహిత్యము చదివేవానికి సైన్సు పరిచయము ఉండాలి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయము కూడా 1945లో ఇదే విషయముపై ఒక నివేదిక ప్రకటించినది.

1857లో స్థాపించబడిన మన ముంబై విశ్వవిద్యాలయములో చాలా ఏండ్లపాటు మొదటి సంవత్సరములో ఫౌండేషన్ కోర్సు అనే పేపరు ఉండేది. అది అందరికీ ఒకటే గనుక ఎన్నిక అనే చిక్కు లేదు. 2020 జాతీయ విద్యా విధానము వచ్చాక మహారాష్ట్ర ప్రభుత్వము 2023 ఏప్రిల్ 20న కొత్త డిగ్రీ పద్ధతికి ఉత్తర్వు ఇచ్చినది. ముంబై విశ్వవిద్యాలయపు అనుబంధ కాలేజీలలో ఇది 2024–25 విద్యా సంవత్సరము నుండి అమలులోకి వచ్చినది. అన్నయ్య, అక్కయ్య చదివిన పద్ధతి వేరు, తమ్ముడు చదవబోయే పద్ధతి వేరు. పాత సలహాతో కొత్త ఫారము నింపరాదు.

3. ఫారములోని గళ్ళు

ముందుగా క్రెడిట్ అనే మాట తెలిసికొందాము. పాఠము వినే సబ్జెక్టులో ఒక క్రెడిట్ అనగా 15 గంటల బోధన. మూడేండ్ల డిగ్రీకి 120 నుండి 132 క్రెడిట్లు కావాలి. 2023 ఉత్తర్వు ప్రకారము, ముఖ్య సబ్జెక్టుకు బయట ఉన్న సాధారణ పాఠ్యాంశాలు ఇవి:

ఓపెన్ ఎలక్టివ్ – 10 నుండి 12 క్రెడిట్లు. దీనిని ముఖ్య సబ్జెక్టు ఉన్న విభాగము నుండి కాక వేరే విభాగము నుండే తీసుకోవాలి. ఆర్ట్స్ విద్యార్థి కామర్సు నుండో సైన్సు నుండో, కామర్సు విద్యార్థి ఆర్ట్స్ నుండో సైన్సు నుండో ఎన్నుకోవాలి.

భాషా సామర్థ్యము – 8 క్రెడిట్లు. ఇంగ్లీషుకు 4, ఒక ఆధునిక భారతీయ భాషకు 4.

విలువల విద్య – 4 క్రెడిట్లు. మన దేశమును గూర్చిన అవగాహన, పర్యావరణము, డిజిటల్ పరిజ్ఞానము మొదలైనవి.

భారతీయ జ్ఞాన సంప్రదాయము – 2 క్రెడిట్లు.

సహపాఠ్య కార్యక్రమాలు – 8 క్రెడిట్లు. ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి., ఆటలు, ఆరోగ్యము, యోగా, కళలు మొదలైనవి.

అన్నీ కలిపితే 32 నుండి 34 క్రెడిట్లు. అనగా మొత్తము డిగ్రీలో నాలుగవ వంతు కంటే కొంచెము ఎక్కువే. ఏ సెమిస్టరులో ఏది వస్తుందో, జాబితాలో ఏ సబ్జెక్టులు ఉంటాయో కాలేజీని బట్టి మారుతుంది. డిగ్రీలో ఇంత భాగమును స్నేహితుని కాగితము చూసి నింపవచ్చునా?

4. పరేల్ చాలులో నివసించిన ఒక విద్యార్థి

డాక్టరు బాబాసాహెబ్ అంబేడ్కర్ గారు పరేల్‌లోని బి.ఐ.టి. చాలులో నివసించారని మనకు తెలుసు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. ముగించి, బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్ళారు. ఆయన ముఖ్య సబ్జెక్టు అర్థశాస్త్రము. అయినా అక్కడ ఆయన తీసుకున్న కోర్సుల లెక్క చూడండి: అర్థశాస్త్రములో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రములో 6, తత్వశాస్త్రములో 5, మానవశాస్త్రములో 4, రాజకీయాలలో 3, ఫ్రెంచి, జర్మన్ భాషలలో ఒక్కొక్కటి. మొత్తము 60 కోర్సులలో సగానికి పైగా ముఖ్య సబ్జెక్టుకు బయటివే.

తరువాతి కాలములో కులమును గూర్చి, రూపాయిని గూర్చి, రాజ్యాంగమును గూర్చి పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ చదువులన్నీ ఆయనకు అక్కరకు వచ్చాయి. ఆయన విద్యా సంస్థ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీని ప్రారంభించినది. మన పిల్లలందరూ అంతటివారు కాకపోవచ్చును. కాని దొరికిన ప్రతి గంటను ఒక లోటు తీర్చుకొనుటకు వాడిన ఆ పద్ధతి ఎవరైనా నేర్చుకోదగినదే.

5. ఎన్నుకొనే ముందు నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: మా ఇంటిలో ఎవరికీ తెలియనిది ఏది? వర్లీ బి.డి.డి. చాళ్లలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఇండ్ల తాళాలు ఇచ్చారు. కామాటిపుర పునర్నిర్మాణ పనిని మ్హాడా చేపట్టినది. ఇటువంటి వేళలో ఒప్పంద పత్రము, సొసైటీ నియమాలు, నెలనెలా కట్టవలసిన ఖర్చు – వీటిని చదివి పెద్దలకు చెప్పగల బిడ్డ ఇంటిలో ఉంటే ఎంత మేలు! ఆర్ట్స్ చదివే అమ్మాయికి కామర్సు జాబితాలో వినియోగదారుల హక్కులు, డబ్బు పొదుపు, బీమా వంటి సబ్జెక్టు కనబడితే, అది తన ఇంటికి కావలసినదా అని ఆలోచించాలి.

రెండవ ప్రశ్న: నేను దేనికి భయపడి తప్పించుకొంటున్నాను? లెక్కలకు భయపడి ఆర్ట్స్‌లో చేరిన పిల్లలు మనలో చాలామంది. అదే విద్యార్థి డిగ్రీ తరువాత బ్యాంకు పరీక్షకో రైల్వే పరీక్షకో కూర్చుంటే మరల లెక్కలే ఎదురవుతాయి. రెండు క్రెడిట్ల చిన్న సబ్జెక్టు అనగా 30 గంటలు. భయము పోగొట్టుకొనుటకు ఇది మంచి అవకాశము. కామర్సు, సైన్సు వారిలో నలుగురిలో నోరు విప్పి మాట్లాడలేనివారు, ఒక పేజీ సొంతగా రాయలేనివారు ఉన్నారు. వారు ఆర్ట్స్ జాబితాలో రచన, చరిత్ర, మనస్తత్వశాస్త్రము వంటివి చూడాలి.

మూడవ ప్రశ్న: ఏ భాష రాయగలను? మన పిల్లలు మరాఠీ గలగలా మాట్లాడుతారు. కాని ఒక అర్జీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. మహారాష్ట్ర లోక్ సేవా ఆయోగ్ వారి రాష్ట్ర సేవల ముఖ్య పరీక్షలో మరాఠీ పేపరు ఉన్నది. ఈ రాష్ట్రములో ఉద్యోగము చేయదలచినవారు భాషా గడిలో మరాఠీని తేలికగా తీసుకోరాదు. తెలుగు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ముంబై మహానగర పాలిక ఎనిమిది భాషలలో బడులు నడుపుతున్నది, అందులో తెలుగు ఒకటి. కాని మన పిల్లలలో చాలామంది ఇంగ్లీషు మాధ్యమములోనే చదివి వస్తున్నారు. కాలేజీ జాబితాలో తెలుగు లేకపోతే, చదవను రాయను నేర్పే పని ఇంటిదే, సంఘానిదే.

నాలుగవ ప్రశ్న: నాకు సమయము ఎంత ఉన్నది? ముంబై విశ్వవిద్యాలయ నియమము ప్రకారము 75 శాతము హాజరు కావాలి. ఉదయము కాలేజీ, మధ్యాహ్నము దుకాణములో పని చేసే అబ్బాయి సాయంత్రము జరిగే తరగతిని ఎన్నుకొంటే హాజరు పోతుంది. గనుక సబ్జెక్టు పేరుతో పాటు టైంటేబుల్ కూడా అడగాలి.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును: సులభమైనది తీసుకొంటే తప్పా? ఈ సబ్జెక్టుల మార్కులు కూడా చివరి గ్రేడులో కలుస్తాయి. ఇంటి బరువు మోస్తూ చదివే బిడ్డ ఒక సెమిస్టరులో తేలికైన దానిని తీసుకొంటే దానిలో దోషము లేదు. కాని అన్ని గళ్ళలోనూ తేలికైనవే నింపితే, మూడేండ్లు ఫీజు కట్టి నాలుగవ వంతు చదువును వదులుకొన్నట్లే.

6. తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

కొత్త పద్ధతిలో మొదటి సంవత్సరము తరువాత, 40 నుండి 44 క్రెడిట్లతో పాటు 4 క్రెడిట్ల నైపుణ్య శిక్షణ పూర్తిచేసినవారు సర్టిఫికెట్టుతో బయటికి రావచ్చును. ఇది ఆపదలో ఉన్నవారికి ఉపకారమే. కాని "ఒక సర్టిఫికెట్టు వచ్చినది కదా, ఇక పనికి పో" అని చెప్పుటకు ఇది సాకు కారాదు. ముఖ్యముగా ఆడపిల్లల విషయములో జాగ్రత్త. సర్టిఫికెట్టు డిగ్రీ కాదు. డిగ్రీ అడిగే ఉద్యోగానికి అది చాలదు.

తప్పనిసరిగా మానవలసి వస్తే, సంపాదించిన క్రెడిట్లు పోకుండా చూసుకోవాలి. ఇందుకొరకు 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు వచ్చినది. అందులో విద్యార్థి పేరున ఖాతా ఉండాలి, క్రెడిట్లు ఎక్కాయో లేదో చూసుకోవాలి. మానినవారు మూడేండ్లలోపు మరల చేరి, మొత్తము ఏడేండ్లలో డిగ్రీ పూర్తి చేయవచ్చును.

7. మనము చేయవలసినది

అడ్మిషనుకు ముందే కాలేజీకి వెళ్ళి ఐచ్ఛిక సబ్జెక్టుల జాబితా తీసుకోవాలి. ప్రతి సబ్జెక్టుకు సీట్లు ఎన్ని, మార్చుకొనే గడువు ఎప్పటివరకు అని అడిగి రాసుకోవాలి. సిలబస్ ఒకసారి చదవాలి, ఎందుకనగా పేరు చూసి మోసపోయేవారు ఉన్నారు. మొదటి ఎన్నికతో పాటు రెండవ ఎన్నిక కూడా సిద్ధముగా ఉంచుకోవాలి.

ప్రతి సంఘములో ఫలితాలు వచ్చిన వారములో ఒక సాయంత్రము కేటాయించి, ఇప్పుడు రెండవ, మూడవ సంవత్సరములో ఉన్న పిల్లలను కొత్తవారి పక్కన కూర్చోబెట్టండి. కొత్త పద్ధతిని వారు స్వయంగా చదువుతున్నారు. పెద్దలమైన మనకంటే వారికే ఎక్కువ తెలుసు. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చొని వినాలి. చదువు రాని తల్లి అయినా సరే, "ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకొంటున్నావు బిడ్డా?" అని అడగవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన బిడ్డ తన ఫారమును తానే నింపుకోగలదు.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇంటిలో ఏ కాగితము వస్తే ఇతరుల దగ్గరకు పరుగెత్తుతున్నాము? ఆ లోటును తీర్చే సబ్జెక్టు ఏది?

2. మన సంఘములో ఈ సంవత్సరము కాలేజీలో చేరేవారు ఎందరు? వారిలో ఎందరి ఇండ్లలో డిగ్రీ చదివినవారు ఉన్నారు?

3. మొదటి సంవత్సరము తరువాత చదువు మానే ప్రమాదములో ఉన్న బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆ కుటుంబమునకు మనము ఏమి చేయగలము?