చైన్ రంపము: దుంగకు తగిన బార్, బార్‌కు తగిన ఇంజను

మన గ్రామములలో వంటయింటికి గ్యాసు పొయ్యి వచ్చినను, పెద్ద పొయ్యిల అవసరము తీరలేదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో పసుపు త్రవ్విన వెంటనే కొమ్ములను ఉడుకబెట్టవలెను. ఆవిరి యంత్రములు వచ్చినను, వాని క్రింద మంట పెట్టుటకు కట్టె కావలసినదే. జగిత్యాల చుట్టుపట్ల కాపు తగ్గిన ముసలి మామిడి తోటలను తీసివేసి క్రొత్త అంట్లు నాటునపుడు మొద్దులు గుట్టలుగా పడును. సిరిసిల్లలో నూలుకు రంగులద్దు చోట కట్టెల బాయిలరు ఉన్నచో దానికి దినదినము మేత కావలెను. పెండ్లి వంటలకును, చివరకు శ్మశానవాటికకును కట్టె లేనిదే పని జరుగదు.

ఈ దుంగలను కోయుటకు పూర్వము గొడ్డలియు, ఇద్దరు మనుష్యులు చెరొక వైపు లాగు రంపమును ఉండెడివి. ఇప్పుడు ఆ పని చేయు కూలీలు దొరకుట అరుదైనది. కనుక రైతులును, కట్టెల అడితీల వారును చైన్ రంపములు కొనుచున్నారు. కొనునపుడు చాలమంది అడుగు ప్రశ్న ఒక్కటే: "బార్ ఎంత పొడవు?" పొడవైన బార్ ఉన్న యంత్రమే మేలైనదని తలచి కొనుచున్నారు. ఈ తలంపు వలన డబ్బు నష్టము. కొన్ని వేళల ప్రాణమునకే ముప్పు. అందుచేత ఎంపిక ఎట్లు చేయవలెనో ఇచ్చట క్రమముగా వివరించుచున్నాము.

యంత్రము పుట్టుక

జర్మనీ దేశములో ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడచు చైన్ రంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని తయారు చేసెను. ఆనాటి యంత్రములను మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలసి యుండెను. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను కట్టెకోత పనివాడు మ్రానును తొలుచు పురుగు దవడలు కుడి ఎడమలకు కదలుచు కొయ్యను కొరుకు తీరును గమనించి, అదే విధముగ కోయు పళ్ళు గల చైనును రూపొందించి 1947లో అమ్మకమునకు తెచ్చెను. నేడు మన అంగడిలో దొరకు చైనులన్నియు దాదాపు ఆ పద్ధతివే. చైన్ రంపములో బలము ఇంజనుది, కోత పంటిది. బార్ ఆ చైనుకు దారి మాత్రమే. ఈ సంగతి మనసున నిలుపుకొన్నచో తక్కినదంతయు సులభముగ బోధపడును.

మొదట దుంగను కొలువుడు

అంగడికి పోవుటకు ముందు మీరు కోయబోవు దుంగలను కొలువవలెను. దుంగ చుట్టు త్రాడు చుట్టి, ఆ త్రాటి పొడవును అంగుళములలో చూచి, 3.14తో భాగించిన దుంగ మందము వచ్చును. చుట్టుకొలత 4 అడుగులు, అనగా 48 అంగుళములు అయినచో మందము సుమారు 15 అంగుళములు. 6 అడుగులైనచో సుమారు 23 అంగుళములు. 9 అడుగుల ముసలి చింతకు సుమారు 34 అంగుళములు.

మందము పెరిగిన కొలది కోయవలసిన కొయ్య అంతకు మించి పెరుగును. 12 అంగుళముల దుంగకంటె 24 అంగుళముల దుంగ మందములో రెండింతలే అయినను, కోత పడవలసిన ముఖము నాలుగింతలు. పనియు, పెట్రోలును, పంటి అరుగుదలయు ఆ లెక్కనే పెరుగును.

తరువాత చెట్టు జాతిని చూడవలెను. మామిడి మెత్తని కొయ్య. వేప అంతకంటె గట్టిది. నల్లతుమ్మ మరింత గట్టిది. నిప్పు నిలుపుటలో దానికి మంచి పేరు కలదు. చేవదేలిన చింత వీనిలో మిక్కిలి కఠినము. ఎండిన చింత ఘనపు మీటరు సుమారు 900 కిలోలు తూగగా, మామిడి అంతకంటె చాల తక్కువ తూగును. అందుచేత మామిడిని హాయిగా కోసిన యంత్రమే ఎండిన చింతమొద్దు దగ్గర మొరాయించుట సహజము.

బార్ ఎంత ఉండవలెను?

ఒకే కోతతో దుంగ తెగవలెనన్నచో బార్ దుంగ మందము కంటె 2 అంగుళములు ఎక్కువ ఉండిన చాలును. కాని ప్రతి దుంగను ఒకే కోతతో తెంచవలసిన పని లేదు. ఒక వైపు కోసి, ఆవలి వైపునకు పోయి కోసినచో, బార్‌కు రెట్టింపు కంటె రెండు మూడంగుళములు తక్కువ మందము గల దుంగ కూడ తెగును. అనగా 18 అంగుళముల బార్‌తో 32 అంగుళముల మొద్దు వరకు కోయవచ్చును.

ఈ లెక్క తెలియక కొందరు తమ ఊరిలోని మిక్కిలి లావైన చెట్టును తలచుకొని బార్ కొనుచున్నారు. అట్లు గాక, సంవత్సరములో అధిక భాగము కోయు దుంగలకు సరిపోవు బార్‌ను కొనవలెను. పొడవైన బార్ ముందుకు బరువు లాగి నడుమును నొప్పించును. దాని మొన కనబడని చోట రాతికో, నేలకో తగులును. ఆకురాయి పట్టవలసిన పళ్ళును ఎక్కువ.

ఇంజను బలము

సాధారణముగ వాడు .325 అంగుళముల పిచ్ చైనులో ఇంచుమించు ప్రతి 1.3 అంగుళములకు ఒక పన్ను ఉండును. 18 అంగుళముల దుంగలో బార్ మునిగినపుడు సుమారు 14 పళ్ళు ఒక్కసారిగా కొయ్యను కొరుకుచుండును. 24 అంగుళములలో 18 పళ్ళు. ఆ పళ్ళన్నింటిని లాగు బలము ఇంజనుకు ఉండవలెను. లేనిచో చైను నిలిచిపోవును, క్లచ్ జారి మాడిపోవును. దానిని చూచి నడుపువాడు రంపమును ఇంకను బలముగ అదుముట వలన యంత్రము త్వరలో మూలబడును.

అంగడిలో ఇంజనును సీసీ లెక్కన చెప్పుదురు. ఒకే సీసీ గల రెండు యంత్రముల బలము ఒకటిగా ఉండదు. కావున యంత్రముపై గాని, దాని పుస్తకములో గాని కిలోవాట్లు ఎన్ని యని చూడవలెను; 1 కిలోవాట్ 1.36 గుఱ్ఱపు బలమునకు సమానము. గట్టి కొయ్యకు పనికివచ్చు లెక్క ఇట్లున్నది:

కొమ్మలు, 12 అంగుళముల లోపు మామిడి దుంగలు: 35 నుండి 45 సీసీ ఇంజను, 14 లేక 16 అంగుళముల బార్.

వేప, నల్లతుమ్మ, నడితరపు చింత దుంగలు: 50 నుండి 60 సీసీ, రెండున్నర కిలోవాట్లకు తగ్గని బలము, 18 అంగుళముల బార్.

దినమంతయు పెద్ద మొద్దులనే కోయు అడితీలు: 70 సీసీ, సుమారు 4 కిలోవాట్లు, 20 నుండి 24 అంగుళముల బార్.

చిన్న ఇంజనుకు 22 అంగుళముల బార్ తగిలించి చవకగా అమ్మునపుడు ఆ పొడవును చూచి మురియరాదు. అదే యంత్రమునకు 18 అంగుళముల బార్, దానికి సరిపడు చైను వేసికొన్నచో చింతలో మేలుగా పనిచేయును.

ఒక ఉదాహరణ తీసికొందము. ఒక పసుపు రైతు ఏటేట కోయు కట్టెలో మూడు వంతులు చుట్టుకొలత 4 అడుగుల లోపు వేప, మామిడి దుంగలు. ఒక వంతు 6 అడుగుల చింతమొద్దులు అనుకొనుడు. మొదటి వానికి 15 అంగుళముల మందము కనుక 18 అంగుళముల బార్ ఒకే కోతకు చాలును. చింతకు 23 అంగుళములు కనుక అదే బార్‌తో రెండు వైపుల నుండి కోయవచ్చును. అతడు కొనవలసినది 55 సీసీ ప్రాంతపు మంచి యంత్రము. ఎప్పుడో ఒకసారి 9 అడుగుల మ్రాను వచ్చినచో, పెద్ద యంత్రము గలవానిని ఒక దినము పిలిపించుకొనుటయే లాభము. ఐదారుగురు రైతులు కలిసి కొనుటయు మంచిదే. అయితే నడుపుటకును, కాపాడుటకును ఒకరినే బాధ్యునిగ ఏర్పరచుకొనవలెను.

పట్టణములోని అడితీలో, కరెంటు చేరువలో ఉన్నచోట, విద్యుత్తు రంపము అనుకూలము. పొగ ఉండదు, చప్పుడు తక్కువ. 2000 వాట్ల యంత్రము సుమారు 9 ఆంపియర్లు లాగును గనుక 15 ఆంపియర్ల సాకెట్టు, లావైన తీగ వాడవలెను. వానలో దానిని ముట్టరాదు.

చైను పదును

చైనులలో పంటి మూల చదరముగ ఉన్నవి, గుండ్రముగ ఉన్నవి అని రెండు రకములు కలవు. చదరపు పన్ను శుభ్రమైన పచ్చి కొయ్యను వేగముగ కోయును గాని దుమ్ము తగిలిన వెంటనే మొద్దుబారును. మన దుంగలు నేలపై దొర్లి మట్టి పట్టినవి, ఎండి గట్టిపడినవి. వీనికి గుండ్రని మూల గల పన్నే మేలు.

పదును చూచుటకు ఒక సులభమైన గుర్తు కలదు. రంపము నుండి చిన్న చిన్న తునకలు రాలుచున్నచో పదును ఉన్నట్లు. మెత్తని పొడి రాలుచున్నచో పదును పోయినట్లు. అప్పుడు అదుముట మాని, యంత్రము ఆపి, గుండ్రని ఆకురాయితో పళ్ళను సానపట్టవలెను. .325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోవును. ప్రతి పంటికి ఒకే కోణము, ఒకే ఎన్ని గీతలని లెక్క పెట్టుకొనవలెను. ఒకవైపు పళ్ళు పొట్టి అయినచో కోత వంకరపోవును. దారి ప్రక్కనున్న చింతలలోను, పెరటి వేపలలోను మేకులు, తీగలు దాగి యుండును. కోయుటకు ముందు బెరడును పరీక్షించుట ఒక చైను ఖరీదు మిగుల్చును.

మరియొక లాభసాటి పద్ధతి: పచ్చిగా ఉన్నపుడే కోసి, చీల్చి, నీడలో పేర్చవలెను. ఎండిన మొద్దుకంటె పచ్చి మొద్దు సుళువుగా తెగును. రానున్న పసుపు పనికి కావలసిన కట్టెను ముందు వేసవిలోనే సిద్ధపరచినచో అది బాగుగా ఆరి, తక్కువ కట్టెతో ఎక్కువ మంట నిచ్చును.

పెట్రోలు, నూనె

పెట్రోలు యంత్రములలో అధికము టూ స్ట్రోక్ ఇంజనులు. 1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె కలుపుమని కొందరు తయారీదారులు, 40 మిల్లీలీటర్లు కలుపుమని మరికొందరు చెప్పుదురు. యంత్రముతో వచ్చిన పుస్తకములోని లెక్కనే పాటించవలెను. నూనె లేని పెట్రోలు పోసినచో ఇంజను కొద్ది నిమిషములలోనే పట్టివేయును. నేటి పెట్రోలులో ఇథనాల్ కలిసి యుండుట వలన అది తేమను పీల్చుకొనును. కావున కావలసినంతే కలుపుకొని, పని ముగిసిన పిమ్మట ట్యాంకును ఖాళీ చేసి యంత్రమును భద్రపరచవలెను. చైనుకు వేరే నూనె ట్యాంకు కలదు. పెట్రోలు పోసిన ప్రతిసారి దానిని కూడ నింపవలెను.

ప్రాణమునకు మించినది లేదు

బార్ మొన పైభాగము దుంగకు గాని కొమ్మకు గాని తగిలినచో రంపము రెప్పపాటులో నడుపువాని ముఖము వైపునకు ఎదురు తన్నును. కావున చైను బ్రేకు లేని యంత్రమును ఎంత చవకయైనను కొనరాదు. రెండు చేతులతో బొటనవ్రేళ్ళు చుట్టి పట్టుకొనవలెను. భుజములకు పైయెత్తున కోయరాదు. శిరస్త్రాణము, కంటి అద్దములు, గట్టి బూట్లు, కాళ్ళకు రక్షణ కవచము తప్పనిసరి. చప్పుడు 100 డెసిబెళ్ళను మించును గనుక చెవులు కప్పుకొనవలెను. లుంగీతోను, చెప్పులతోను ఈ పనికి దిగుట తెలిసి తెలిసి అపాయమును కొనితెచ్చుకొనుటయే.

రెండు చివరల ఆనిన దుంగను నడుమ కోయునపుడు మొదట పైనుండి మూడవ వంతు కోసి, పిదప క్రిందినుండి ముగించవలెను. ఒక చివర గాలిలో ఉన్న దుంగను మొదట క్రిందినుండి మూడవ వంతు కోసి, పైనుండి ముగించవలెను. ఇట్లు చేసినచో బార్ ఇరుకుకొనదు. కరెంటు తీగల చేరువలోని చెట్టును ముట్టుటకు ముందు లైను ఆపించవలెను. సిరిసిల్ల వారు సహకార విద్యుత్ సంఘమగు సెస్ కార్యాలయమునకు, జగిత్యాల, కోరుట్ల వారు విద్యుత్ సంస్థ సిబ్బందికి ముందుగా తెలుపవలెను.

అనుమతి

2002 నాటి వాల్టా చట్టము ననుసరించి పట్టా భూమిలోని చెట్టునైనను కొట్టుటకు ముందు అనుమతి పొందవలెను. కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నది. మీ చెట్టు దానిలో చేరునో లేదో అటవీశాఖ అధికారిని అడిగి తెలిసికొనుడు. రంపమునకు ఒక పూట చాలిన పని, చెట్టుకు ఏబది యేండ్ల ఎదుగుదల. కాపు కాయుచు నీడనిచ్చు చింతను కట్టెకై కొట్టుట కంటె, ఎండినవానిని, తోటలో తీసివేసినవానిని వాడుకొని, కొట్టిన ప్రతి చెట్టుకు బదులు మొక్కలు నాటుట గ్రామమునకు మేలు.

కనుక రైతు సోదరులారా, అంగడికి పోవునపుడు చేతిలో ఒక త్రాటి కొలత, మనసులో మూడు ప్రశ్నలు ఉండవలెను. నా దుంగలలో అధిక భాగము ఎంత మందము? ఆ కొయ్య ఎంత గట్టిది? ఆ బార్‌ను లాగుటకు ఈ ఇంజనుకు బలము కలదా? ఈ మూటికి జవాబు దొరికిన పిదపనే డబ్బు చెల్లించుడు. మిగిలిన డబ్బుతో మొదట శిరస్త్రాణమును, కాళ్ళ కవచమును కొనుడు. ఆ తరువాతనే రెండవ చైను సంగతి.