ప్రమాదం తరువాత కారు: పాత బండి లెక్క తీరిన పిదపనే కొత్త బండి

ఒకప్పుడు మన ప్రాంతంలో కారు అంటే ఊరికి ఒకటో రెండో ఉండేవి. అవి డాక్టరు గారివో, వకీలు గారివో, పెద్ద వ్యాపారులవో అయి ఉండేవి. నేడు ఆ స్థితి మారింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలోనూ, వాటి చుట్టుపట్ల గ్రామాలలోనూ గల్ఫ్ దేశాలలో ఏళ్ల తరబడి శ్రమించిన వారి సంపాదనలో కొంత ఇల్లుగా, కొంత ఆడపిల్ల పెళ్లిగా, మిగిలినది కారుగా రూపుదిద్దుకొంటున్నది. అనేక కుటుంబాలకు ఇంటి తరువాత అంతటి విలువైన ఆస్తి కారే. ఇల్లు నిలిచిన చోటనే ఉంటుంది, కారు మాత్రం ప్రతిదినం ప్రమాదపు అంచున తిరుగుతుంది. ఆ ఆస్తి ఒక్క క్షణంలో నుజ్జయినప్పుడు దాని స్థానంలో మరొక కారును తెచ్చుకోవడం ఎట్లా? మన కళాశాలలో చదివే వాణిజ్యశాస్త్రంలో తరుగుదల, బీమా, ఒప్పందం అన్నవి వేర్వేరు పాఠాలు. ఈ ఒక్క సందర్భంలో అవి మూడూ కలిసి మన ఇంటి గడపలోకి వస్తాయి. కనుక ఈ విషయాన్ని ఒక పాఠంగా పరిశీలించడం ఉచితమని మేము భావించాము.

మొదటి ధర్మం

కారు గురించి ఆలోచించడానికి ముందు మనిషి గురించి ఆలోచించాలి. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ దుఃఖాన్ని ఈ ప్రాంతం నేటికీ మరువలేదు. వాహనానికి బదులు వాహనం ఉంటుంది గాని ప్రాణానికి బదులు లేదు.

చట్టం కూడా ఇదే వరుసను పాటించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడిన వారికి వైద్యం అందేట్లు చూడడం డ్రైవరు మొదటి విధి. దగ్గరలో పోలీసులు లేకపోతే సాధ్యమైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, సమీపంలోని పోలీస్ స్టేషన్‌లో సమాచారం ఇవ్వడం రెండవది. బీమా కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలుపడం మూడవది. సాయపడిన బాటసారిని వేధించరాదని 2019 సవరణలో 134ఎ సెక్షన్ చేర్చారు. మొదటి విధిని నెరవేర్చిన వాని కాగితాలే తరువాతి దశలలో గట్టిగా నిలుస్తాయి. పోలీసు రికార్డు, ఆసుపత్రి చీటీ, స్థలంలో తీసిన ఛాయాచిత్రాలు ఇవన్నీ సాక్ష్యాలు. సర్వేయరు చూడకముందే బండిని షెడ్డుకు లాగించి విప్పించడం పొరపాటు.

బీమాలో రెండు భాగాలు

‘బీమా’ అనే మాట ఫారసీ నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దస్తావేజు, ఫిర్యాదు, వసూలు, అసలు వంటి మాటలు కూడా ఆ బాటనే వచ్చి తెలుగు లెక్కల పుస్తకంలో స్థిరపడ్డాయి. రెండు భాషల విద్యార్థులకూ ఈ పాఠం సగం ముందే తెలుసునన్నమాట. అయితే మాట తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్లు కాదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. బీమాను తప్పనిసరి చేసిన అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమలైంది. ప్రస్తుత చట్టం 1988లో ఆమోదం పొంది, 1989 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. ఇందులోని 146వ సెక్షన్ తప్పనిసరి చేసినది మూడవ పక్షపు బీమాను మాత్రమే. అనగా మన కారు వల్ల ఎదుటివానికి కలిగే నష్టానికి అది పూచీ. మన కారుకు కలిగే నష్టానికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. స్వంత నష్టపు బీమా వేరు. దానిని యజమాని తన ఇష్టంతో తీసుకోవాలి. ‘బండికి ఇన్సూరెన్స్ ఉంది’ అని నిశ్చింతగా ఉన్నవారిలో చాలామంది చేతిలో ఉన్నది మొదటి రకమే. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడు సంవత్సరాల మూడవ పక్షపు బీమా ఒకేసారి ఇస్తున్నారు. రెండవ సంవత్సరం నుంచి స్వంత నష్టపు బీమాను విడిగా పునరుద్ధరించుకోవాలి. ఆ సంగతి గమనించకుండా, కాగితం మీద మూడేళ్ల తేదీ చూసి మోసపోవడం సులభం.

తప్పు పూర్తిగా ఎదుటి వాహనానిదే అయినప్పుడు మరొక మార్గం కలదు. మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రిబ్యునల్‌లో ఎదుటి వాహన యజమాని పైన, అతని బీమా కంపెనీ పైన మన కారు నష్టానికి కూడా దావా వేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఈ దరఖాస్తుకు ఆరు నెలల గడువు విధించింది గనుక జాప్యం తగదు.

ఏ కారు ‘పూర్తి నష్టం’?

దెబ్బతిన్న ప్రతి కారునూ మార్చనక్కర లేదు. ఏది బాగుచేయదగినది, ఏది కాదు అన్నదానికి ఒక కొలత ఉన్నది. పాలసీ మీద ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. అది కారుకు మనమూ, కంపెనీ కలిసి అంగీకరించిన విలువ. ఆ మోడలు కారుకు కంపెనీ ప్రకటించిన అమ్మకపు ధర నుంచి వయస్సును బట్టి తరుగుదల తీసివేస్తే ఈ అంకె వస్తుంది. సాధారణంగా పాటించే పట్టిక ఇది:

ఆరు నెలల లోపు 5 శాతం
ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం
ఒకటి దాటి రెండేళ్ల లోపు 20 శాతం
రెండు దాటి మూడేళ్ల లోపు 30 శాతం
మూడు దాటి నాలుగేళ్ల లోపు 40 శాతం
నాలుగు దాటి ఐదేళ్ల లోపు 50 శాతం

ఐదేళ్లు దాటిన కారుకు ఉభయులూ మాట్లాడుకొని విలువ నిర్ణయించుకోవాలి. మరమ్మతు ఖర్చు, బండిని తరలించే ఖర్చు కలిపి ఈ విలువలో 75 శాతం దాటితే దానిని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. అంతకు తక్కువైతే అది మరమ్మతు కేసు. మరమ్మతులో కూడా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం ధరే ఇస్తారు. లోహపు భాగాలకు కారు వయస్సును బట్టి కోత ఉంటుంది. ప్రీమియం కొంచెం తగ్గుతుందని విలువను తక్కువగా వేయించుకొన్నవారు ప్రమాదం నాడు ఆ తగ్గింపుకు ఎన్నో రెట్లు చెల్లించుకొంటారు.

ఒక లెక్క

ఇప్పుడు ఊహకు ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక కారు అమ్మకపు ధర రూ. 8,00,000. పాలసీ పునరుద్ధరించే నాటికి దాని వయస్సు మూడేళ్లు దాటింది. 40 శాతం తరుగుదల, అనగా రూ. 3,20,000 తీసివేస్తే ఐ.డి.వి. రూ. 4,80,000. ఇందులో 75 శాతం రూ. 3,60,000. కోరుట్ల దాటి మెట్‌పల్లి వైపు 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆ కారు లారీని ఢీకొన్నది. గ్యారేజీ అంచనా రూ. 3,90,000. హద్దు దాటింది గనుక ఇది పూర్తి నష్టం.

యజమాని తప్పనిసరిగా భరించవలసిన రూ. 1,000 పోగా కంపెనీ ఇచ్చేది రూ. 4,79,000. కాని ఆ కారుపై ఇంకా రూ. 3,20,000 అప్పు ఉన్నది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఫైనాన్సు సంస్థ పేరు ఉన్నంతకాలం మొదటి హక్కు దానిదే. అది తన అసలు తీసుకొన్న తరువాత యజమాని చేతికి వచ్చేది రూ. 1,59,000. అదే మోడలు కారు నేడు తొమ్మిది లక్షలు పలుకుతున్నదనుకొంటే, మిగిలిన ఏడు లక్షల నలభై ఒక్క వేలు, దానిపై జీవితకాలపు పన్ను, కొత్త బీమా ఎక్కడి నుంచి రావాలి?

బీమా మనకు కారును ఇవ్వదు, కారుకు ఆనాడు మిగిలి ఉన్న విలువను మాత్రమే ఇస్తుందన్నది ఈ లెక్క నేర్పే పాఠం. కట్టిన పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చు ఐ.డి.వి.లో చేరవు. కొత్త కారు కొన్న తొలి సంవత్సరాలలో కొంత అదనపు ప్రీమియం చెల్లించి, కొనుగోలు బిల్లు మేరకు నష్టం పొందే అనుబంధ పాలసీని తీసుకోవచ్చు. అప్పు పెద్దదిగా, కారు కొత్తదిగా ఉన్నప్పుడు ఈ అదనపు ఖర్చు వృథా కాదు.

చచ్చిన బండి, బ్రతికిన పేరు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తున్నాము. డబ్బు చేతికి రాగానే చాలామంది దృష్టి షోరూము వైపు మళ్లుతుంది. నుజ్జయిన కారును ఎవరో తుక్కు వ్యాపారి తీసుకొనిపోతాడు. నాలుగు తెల్ల కాగితాల మీద సంతకాలు, చేతిలో కొంత నగదు. అంతటితో ఆ కథ ముగిసిందనుకొంటారు. చట్టం దృష్టిలో అది ముగియలేదు.

రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కారు చేతులు మారుతూ ఎందరి వద్దకు పోయినా, రిజిస్టరులో పేరు మారకపోతే ప్రమాద బాధితులకు పరిహారం చెల్లించే బాధ్యత ఆ పేరు గలవానిదే. తుక్కుగా అమ్మిన కారును ఎవరో అతికించి, బీమా లేకుండా రోడ్డు మీదికి తెచ్చి, ఒక మనిషిని గుద్దితే, నోటీసు వచ్చేది మొదటి యజమాని ఇంటికే. దొంగిలించిన కార్లకు ఇటువంటి శిథిల వాహనాల చాసిస్ నంబర్లు తగిలించే ముఠాలు కూడా దేశంలో పట్టుబడ్డాయి. పోలీసులు మొదట తట్టే తలుపు రికార్డులో ఉన్న పేరుదే.

దీనికి నివారణ సులభం. వాహనం నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకపోయినా 55వ సెక్షన్ ప్రకారం 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలిపి, రిజిస్ట్రేషన్ పత్రాన్ని అప్పగించి, రద్దు చేయించాలి. బాగుచేసి నడుపుకొనే ఉద్దేశంతో ఎవరైనా కొంటే, యజమాన్య మార్పిడి పూర్తయి రికార్డులో పేరు మారిన తరువాతనే తాళం చెవి ఇవ్వాలి. ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే 2021 నిబంధనల ప్రకారం డిపాజిట్ పత్రం ఇస్తారు. కారును తుక్కుకు అప్పగించినందుకు అది రుజువు.

యజమాని గల్ఫ్‌లో, కారు ఊళ్లో

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. కారు అన్న పేరు మీద ఉంటుంది, అన్న దుబాయిలోనో, దమ్మాంలోనో ఉంటాడు. నడిపేది తమ్ముడు. తమ్మునికి సరియైన లైసెన్సు ఉంటే నడపడంలో దోషం లేదు. కాని క్లెయిమ్ పత్రం మీద, ఫైనాన్సు పత్రం మీద, రిజిస్ట్రేషన్ రద్దు దరఖాస్తు మీద సంతకం చేయవలసినవాడు అన్న. అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో ధ్రువీకరించిన అధికార పత్రం ముందుగానే ఇంటిలో ఉంచుకొంటే నెలల జాప్యం తప్పుతుంది.

రెండవ చిక్కు పాత కారు కొనుగోలులో ఉన్నది. రిజిస్ట్రేషన్ తన పేరుకు మార్చుకొని, పాలసీని మాత్రం పాత యజమాని పేరు మీదనే వదిలివేసేవారు ఉన్నారు. మూడవ పక్షపు బీమా చట్టరీత్యా కొత్త యజమానికి సంక్రమిస్తుంది, స్వంత నష్టపు బీమా ఆ విధంగా సంక్రమించదు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే.

మూడవది కిరాయి. తెల్ల నంబరు ప్లేటు గల స్వంత కారులో శంషాబాద్ విమానాశ్రయానికి ప్రయాణికులను కిరాయికి తీసుకొనిపోవడం మన వద్ద సామాన్యమైపోయింది. స్వంత వాహనపు పాలసీ కిరాయి వాడకాన్ని అనుమతించదు. ఒక్క ప్రయాణంలో వచ్చే కొద్దిపాటి కిరాయి కొరకు కారు మొత్తం విలువను పణంగా పెట్టడమన్నమాట.

కొత్త కారుకు ముందు

కాబట్టి వరుస ఇట్లా ఉండాలి. మొదట క్లెయిమ్ తేలాలి. పిదప ఫైనాన్సు సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఆ తరువాత పాత రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, లేదా పేరు మారాలి. అప్పుడు కొత్త కారు. నో క్లెయిమ్ బోనస్ కారుకు చెందినది కాదు, యజమానికి చెందినది. 50 శాతం వరకు పెరిగే ఆ తగ్గింపును ప్రమాదం లేకుండా కారు మార్చినవారు కొత్త పాలసీకి తీసుకొనిపోవచ్చు. స్వంత నష్టానికి క్లెయిమ్ చేసినవారు సాధారణంగా దానిని కోల్పోతారు. కొత్త ప్రీమియం లెక్కలో దీనిని మరువరాదు.

కంపెనీ ఇచ్చిన మొత్తం అన్యాయమని తోస్తే మొదట కంపెనీకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో సంతృప్తికరమైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ మార్గం కూడా తెరచి ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! మన ఇళ్లలో పెద్దలు దూరదేశంలో చెమటోడ్చి సంపాదించిన ధనం ఒక కాగితం చదవని కారణంగా పోవడం విచారకరం. ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో అచ్చయిన ఆ పాలసీని చదివి అర్థం చెప్పగలిగినవారు చాలా ఇళ్లలో మీరే. ఈ వారమే ఇంటికి వెళ్లి కారు కాగితాలు బయటకు తీయండి. యజమాని పేరు, పాలసీ మీది పేరు ఒకటేనా? స్వంత నష్టపు గడువు తీరలేదు గదా? ఐ.డి.వి. ఎంత? ఇంతకుముందు అమ్మిన బండి ఏదైనా ఇంకా మీ నాన్నగారి పేరు మీదనే తిరుగుతున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెదకండి. కళాశాలలో చదివిన చదువు ఇంటికి అక్కరకు వచ్చే తీరు ఇదే.