పరీక్ష బోరు చెప్పే సంగతులు

ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే రోగులు కొందరు మందుల చీటీతో పాటు నీటి పరీక్ష కాగితం కూడా తెస్తుంటారు. "డాక్టరుగారూ, మా బోరు నీళ్ళు పరీక్ష చేయించాం, అంతా బాగుందని రాశారు. ఇంక భయం లేదు కదండీ?" అని అడుగుతారు.

ఆ కాగితం అబద్ధం చెప్పదు. కాని మనం అడిగిన దానికే అది జవాబిస్తుంది. మామూలు పరీక్షలో చూసేవి ఉప్పదనం, కఠినత్వం, ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు. జిడ్డు వదిలించడానికి ఫ్యాక్టరీలో వాడే ద్రావకాలు, మందుల తయారీలో మిగిలే రసాయనాలు, క్రోమియం, సీసం వంటి లోహాలు సాధారణంగా అందులో ఉండవు. వాటిని పేరు పెట్టి అడిగి, విడిగా చేయించుకోవాలి. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ సీసాలో నీరు ఏ బోరుది? ఎంత లోతుది? ఫ్యాక్టరీకి ఏ వైపుది?

ఒంట్లో గడ్డ ఉందని అనుమానం వస్తే డాక్టరు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గడ్డలో కాక పక్కన దిగితే "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. భూమిలో విషం వెదకడం కూడా ఇలాంటి పనే. ఆ పని ఎలా చేస్తారో తెలిస్తే, అధికారులు మీ ఊరికి నమూనాలకు వచ్చినప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఊబర్న్ పట్టణం కథ

అమెరికాలో బోస్టన్ నగరానికి ఉత్తరాన ఊబర్న్ అనే చిన్న పట్టణం ఉంది. తోళ్ళు ఊనే కార్ఖానాలు, రసాయన ఫ్యాక్టరీలు అక్కడ చాలాకాలం నుంచి ఉండేవి. నీరు చాలక పట్టణంవారు అబర్‌జోనా అనే చిన్న నది ఒడ్డున 1964లో ఒక బావి, 1967లో ఇంకొకటి తవ్వించారు. వాటి పేర్లు 'జి', 'హెచ్'. వంద అడుగుల లోతు కూడా లేని బావులు, కాని ఇసుక, గులకరాయి నేల కనుక నీరు పుష్కలంగా వచ్చేది. నీళ్ళ రుచి బాగాలేదని, వాసన వస్తున్నదని తూర్పు వైపు వీధులవాళ్ళు మొదటినుంచీ ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు.

అదే వీధుల్లో పిల్లలకు రక్త క్యాన్సరు రావడం మొదలైంది. ఆ బిడ్డల్లో ఒకరి తల్లి తమ పాస్టరు బ్రూస్ యంగ్ గారితో, ఇది నీళ్ళ వల్లనేమో అన్నది. ఆయన మొదట నమ్మలేదు. 1979 మే నెలలో అనుకోకుండా ఒక సంగతి జరిగింది. నది దగ్గర ఖాళీ స్థలంలో ఎవరో పడేసిన 184 పీపాలు బయటపడ్డాయి. దానితో దగ్గరలోని బావులను పరీక్షించారు. 'జి' బావి నీటిలో ట్రైక్లోరో ఇథిలీన్ అనే ద్రావకం లీటరుకు 267 మైక్రోగ్రాములు ఉంది. ఈనాడు అమెరికాలో తాగునీటికి అనుమతించే హద్దు 5 మైక్రోగ్రాములు మాత్రమే. రెండు బావులూ మూసేశారు.

ఆ పీపాల్లో ఉన్నది వేరే పదార్థం. బావుల్లోకి చేరిన విషం వాటిది కాదు. పైకి కనబడిన చెత్త తనిఖీకి కారణమయింది, అంతే. అసలు విషం ఎక్కడినుంచి వస్తున్నదో నేల పైన చూసి చెప్పడం ఎవరివల్లా కాలేదు.

అదే సంవత్సరం అక్టోబరులో పాస్టరుగారు తమ చర్చిలో సమావేశం పెట్టి, పిల్లలకు ఈ జబ్బు వచ్చిన కుటుంబాలను రమ్మని పత్రికలో వేయించారు. వచ్చినవాళ్ళ ఇళ్ళను పటం మీద గుర్తు పెట్టి చూస్తే చాలా ఇళ్ళు ఒకే పేటలో ఉన్నాయి. తరువాత ప్రభుత్వ ఆరోగ్య శాఖ లెక్క తీసింది. 1969 నుంచి 1979 వరకు ఆ పట్టణంలో 12 మంది పిల్లలకు రక్త క్యాన్సరు వచ్చింది. అంత జనాభాలో మామూలుగా ఐదారుగురికి మించి రాకూడదు.

బోరు వేయడంలో ఎంత జాగ్రత్త

ఊబర్న్‌లో ఆ తరువాత ప్రభుత్వమూ, కంపెనీలూ ఎన్నో పరీక్ష బోర్లు వేయించాయి. ఈ బోరుకూ మనం పొలంలో వేయించే బోరుకూ చాలా తేడా ఉంది.

మన బోరు నీటికోసం. పైన కొంతవరకు కేసింగ్ పైపు దింపి, కిందంతా రాతిలో ఖాళీగా వదిలేస్తాం. అన్ని లోతుల ఊటలూ అందులో కలుస్తాయి. ఒక ఊటలో విషం ఉన్నా, మిగతా మంచినీటితో కలిసి పలచబడి కనబడదు. పరీక్ష బోరు వేసేది నీటికోసం కాదు, సమాచారం కోసం. రిగ్గు కొద్దికొద్దిగా దిగుతుంటే ప్రతి కొన్ని అడుగులకూ మట్టిని తీసి సీసాల్లో పెడతారు. ఎర్రమట్టి ఎంతవరకు, మొరం ఎంతవరకు, ఎక్కడ తడి తగిలింది, ఎక్కడ వాసన మారింది అన్నది అడుగు లెక్కన రాస్తారు. ఈ రాతే సగం పరీక్ష. రాయకుండా గబగబా తవ్వేసిన బోరు డబ్బు దండగ.

తరువాత సన్నని పి.వి.సి. పైపు దింపుతారు. దాని అడుగున కొన్ని అడుగుల మేర మాత్రమే సన్నని చీలికలు ఉంటాయి. ఆ లోతు నీరే లోపలికి వస్తుంది. చీలికల చుట్టూ శుభ్రమైన ఇసుక పోస్తారు, దానిపైన బెంటోనైట్ అనే బంకమట్టి. ఇది తడికి ఉబ్బి సందులన్నీ పూడ్చేస్తుంది. ఆపైన నేల మట్టం వరకు సిమెంటు, చివర తాళం వేసిన మూత. ఇంత హంగామా ఎందుకంటే, బంకమట్టి లేకపోతే పై నీళ్ళు పైపు పక్కనుంచే కిందకు జారిపోతాయి. అప్పుడు విషాన్ని వెదకడానికి తవ్విన బోరే విషానికి దారి అవుతుంది. ఒక చోట వాడిన రాడ్లను ఆవిరితో కడగకుండా మరో చోట దింపకూడదు. ఆపరేషను థియేటరులో కత్తులను ఉడికించడంలాంటిదే ఇదీ.

ఎన్ని బోర్లు వేయాలి? ఒకటి చాలదు, రెండూ చాలవు. భూగర్భ జలం ఎటు పారుతున్నదో తెలియాలంటే త్రిభుజం ఆకారంలో కనీసం మూడు కావాలి. మూడింటిలో నీటి మట్టాన్ని అంగుళాలతో సహా కొలిచి, ఎక్కడ ఎత్తుగా ఉందో ఎక్కడ పల్లంగా ఉందో చూస్తారు. నీరు ఎత్తునుంచి పల్లానికి పోతుంది. ఫ్యాక్టరీకి ఎగువన ఒక బోరు తప్పకుండా ఉండాలి. ఎగువ నీరు బాగుండి, దిగువ నీరు పాడయితేనే ఫ్యాక్టరీ స్థలం మీద వేలు చూపించగలం. ఎగువ బోరు లేకపోతే "ఈ నీళ్ళు ఇక్కడ మొదటినుంచీ ఇంతే" అని ఎవరైనా తప్పించుకోవచ్చు.

లోతు సంగతి మరీ ముఖ్యం. ట్రైక్లోరో ఇథిలీన్ నీటికన్నా బరువు. కిరసనాయిలులా పైన తేలదు, మునిగిపోయి అడుగు రాయి మీద పేరుకుంటుంది, రాతి పగుళ్ళలోకి దిగుతుంది. పై నీరు మాత్రమే తీసి చూస్తే కనబడకపోవచ్చు. అందుకే ఒకే చోట వేరువేరు లోతుల్లో రెండు మూడు బోర్లు పక్కపక్కనే వేస్తారు.

నమూనా తీసేముందు పైపులో నిలవ ఉన్న నీటిని తోడి పారబోస్తారు. అది భూమిలోని నీరు కాదు, పైపులోని నీరు. ద్రావకాలు గాలిలోకి ఎగిరిపోతాయి కనుక చిన్న గాజు సీసాను బుడగ కూడా లేకుండా నింపి, ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. సగం నింపిన నీళ్ళ బాటిల్లో తీసుకెళ్ళిన నమూనాలో ఇవి దొరకలేదంటే ఆశ్చర్యం లేదు.

నది కిందనుంచి

ఊబర్న్‌లో బావులకు ఈశాన్యంగా ఒక ఫ్యాక్టరీ ఉండేది, నది అవతల పడమటి గట్టున మరో స్థలం ఉండేది. అవతలి గట్టు విషం నదిని దాటి ఇటు రాగలదా? నది అడ్డం కదా అని చాలామంది అనుకున్నారు. బావులు మూసి ఉన్నప్పుడు పరీక్ష బోర్లు ఒక రకంగా చెబుతాయి. మోటార్లు రాత్రింబగళ్ళు నీరు లాగుతున్నప్పుడు ఎలా ఉండేది? 1985 డిసెంబరులో అమెరికా భూగర్భ పరిశోధన శాఖ ఆ రెండు బావులనూ 30 రోజులపాటు మళ్ళీ నడిపించి, చుట్టుపక్కల పరీక్ష బోర్లలో నీటి మట్టాలు కొలిచింది. నదికి అవతల కూడా మట్టం దిగింది. బావులు తోడిన నీటిలో సుమారు సగం నదిలోనుంచి కిందికి ఇంకి వస్తున్నదని తేలింది. పెద్ద మోటారు పెడితే భూమిలోపలి వాలే మారిపోతుంది.

1986లో కోర్టు విచారణలో జ్యూరీ గ్రేస్ కంపెనీని బాధ్యురాలిగా తేల్చింది, అవతలి స్థలానికి సంబంధించిన కంపెనీని వదిలేసింది. గ్రేస్ కంపెనీ కుటుంబాలకు 80 లక్షల డాలర్లకు రాజీపడింది. నీటిని తోడి శుభ్రం చేసే పని 1992లో మొదలైంది. అంటే బావులు మూసిన 13 ఏళ్ళకు. గర్భంతో ఉన్నప్పుడు ఆ బావుల నీరు తాగిన తల్లుల పిల్లల్లో రక్త క్యాన్సరు ఎక్కువగా కనబడిందని రాష్ట్ర ఆరోగ్య శాఖ 1997లో ప్రకటించింది. ఫలానా బిడ్డకు ఫలానా కారణమేనని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. కాని ట్రైక్లోరో ఇథిలీన్ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు సంస్థ 2012లో తేల్చింది.

మన రాతి నేలలో

మనకు దగ్గరలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు ఉన్నాయి. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషను పడింది. అక్కడి గ్రామాల బావులను పరీక్షించి స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. పరీక్షించిన బావులన్నిటిలోనూ మందులు కనబడ్డాయి. వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్, సెట్రిజిన్ ఉన్నాయి. మీరు జ్వరానికి, జలుబుకు ఫార్మసీలో కొనుక్కునే బిళ్ళల మందులే ఇవి. బావిలో ఉన్న మోతాదు ఒక బిళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. అయినా యాంటీబయాటిక్ నీటిలో ఎడతెగకుండా ఉంటే క్రిములు దానికి అలవాటుపడి, తరువాత అదే మందుకు లొంగకుండా పోతాయన్నది వైద్యుల భయం.

ఊబర్న్ ఇసుక నేల. మనది చాలావరకు గ్రానైటు రాయి. రాతిలో నీరు పగుళ్ళ వెంటే నడుస్తుంది. నక్కవాగు వెంట ఉన్న ఇసుక మేటల్లో మాత్రం కాలుష్యం రాతిలోకన్నా వేగంగా సాగుతుందని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయనాలు చూపించాయి. కనుక పక్కింటి బోరు బాగుందని మీది బాగున్నట్టు కాదు, మీది బాగుందని పక్కింటిది బాగున్నట్టూ కాదు. ఇరవై గజాల దూరంలో పగులు మారిపోవచ్చు.

మీరు గమనించవలసినవి

కాచిన నీళ్ళు తాగుతున్నాం కదా అంటారు కొందరు. కాచితే క్రిములు చస్తాయి, విరేచనాలకు అది మంచి జాగ్రత్త. లోహాలూ లవణాలూ మాత్రం పోవు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడతాయి. ద్రావకాలు ఆవిరై వంటింటి గాలిలో కలుస్తాయి. పటిక, క్లోరిన్ బిళ్ళలు, క్యాండిల్ ఫిల్టరు వీటికి పనిచేయవు. అనుమానం ఉన్న బోరును గిన్నెలు కడగడానికి కూడా వాడకుండా, తాగడానికీ వంటకూ వేరే నీరు తెచ్చుకోవడమే మంచిది. గర్భిణీలకు, పాలడబ్బా పట్టే బిడ్డలకు ఇది మరీ ముఖ్యం.

నీరు రంగు మారితే ఇంకా లోతుకు బోరు వేయిస్తే సరిపోతుందనుకోవద్దు. ఫ్యాక్టరీ పక్కన లోతుగా వేసిన బోరు, పైన ఆగి ఉన్న విషాన్ని కిందకు దింపవచ్చు. ఎండిపోయిన బోరును తెరిచి ఉంచకండి. పిల్లలు పడిపోయే ప్రమాదం మీకు తెలిసిందే. దానితో పాటు, ఎవరైనా రాత్రిపూట ట్యాంకరు తెచ్చి అందులో వదిలితే ఊరి నీరంతా పోతుంది. కిందినుంచి పైవరకు బంకమట్టి, సిమెంటుతో పూడ్పించండి.

కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు నమూనాకు వచ్చినప్పుడు గౌరవంగానే అడగండి: ఏ రసాయనాలు చూస్తారండీ? ఫ్యాక్టరీకి ఎగువన కూడా తీస్తున్నారా? మోటారు ఎంతసేపు నడిపాక పట్టారు? తేదీ, బోరు ఉన్న చోటు, లోతు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఫలితం ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ నోటు పుస్తకం కూడా తెండి. ఏ బోరు నీరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు తాగారు, ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు గర్భంతో ఉన్నారు అన్నది కేసు షీటులో రాయిస్తాం. ఊబర్న్‌లో ఆరోగ్య శాఖవారు ఏ ఇంటికి ఏ నెలలో ఏ బావి నీరు వెళ్ళిందో పాత లెక్కలనుంచి తవ్వి తీయడానికి ఏళ్ళు పట్టింది.