వినిపించనిది ఎవరికి?

"ఫోన్లు పనిచేయడం లేదు" అంటూ మేనేజర్ వచ్చి మీ కుర్చీ వెనకాల నిలబడ్డాడనుకోండి. ఆఫీసులో కొత్తగా ఇంటర్నెట్ ఫోన్లు పెట్టారు. రింగ్ వస్తోంది, అవతల ఎత్తుతున్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. "హలో... హలో..." అని నాలుగుసార్లు అరిచి పెట్టేస్తున్నారు. అప్పుడు మీ చెయ్యి ఎటు పోతుందో చూస్తే మీరేమిటో తెలిసిపోతుంది. అమీర్‌పేటలో తెచ్చుకున్న సర్టిఫికెట్ ఆ విషయం చెప్పదు.

చాలామంది చెయ్యి ఫైర్‌వాల్ ఆపేయడానికి పోతుంది. లేదంటే పోర్టులన్నిటినీ ఫోన్ సర్వర్‌కు మళ్లించేస్తారు. ఒక్కోసారి మాట వినిపిస్తుంది కూడా. మేనేజర్ భుజం తట్టి వెళ్లిపోతాడు. "సాయంత్రం మళ్లీ సరిచేద్దాంలే" అనుకుంటాం, సాయంత్రానికి ఇంకో పని మీద పడుతుంది. తెరిచి ఉన్న 5060 నంబరు పోర్టు కోసం ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములుంటాయి. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని పెట్టిన మహానుభావుడు ఆఫీసులో ఒక్కడున్నా చాలు. ఎవరూ లేని ఆదివారం నాడు మీ లైను మీద ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ వెళ్తాయి. బిల్లొచ్చాక మేనేజర్ మిమ్మల్ని మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు, ఈసారి భుజం తట్టడానికి కాదు.

కాబట్టి కీబోర్డు మీంచి చెయ్యి తీసి ఒక ప్రశ్న అడగండి. వినిపించనిది ఎవరికి? మనకా, అవతలి వాళ్లకా, ఇద్దరికీనా? ఫిర్యాదు చేసేవాళ్లు ఇది చెప్పరు. చెప్పాలని వాళ్లకు తెలియదు, అది వాళ్ల పని కూడా కాదు. అడిగి రాబట్టడం మన పని. ఎదుటివాడు విసుక్కున్నా ఓపికగా రెండోసారి అడగగలిగితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఎందుకంటే ఈ ఫోన్‌లో కాల్ ఒక దారిన, మాట వేరే దారిన నడుస్తాయి. రింగ్ కొట్టడం, ఎత్తడం, పెట్టేయడం వంటి కబుర్లు మోసేది సిప్. మామూలుగా దాని పోర్టు 5060. గొంతును మోసేది ఆర్‌టీపీ. అది యూడీపీ మీద ఇంకెక్కడో పెద్ద నంబర్ల పోర్టుల్లో జంటగా నడుస్తుంది. మామూలుగా సరిసంఖ్య పోర్టులో మాట వస్తే, దాని పక్క బేసి పోర్టులో ఆ మాట ఎంత సవ్యంగా చేరుతోందన్న నివేదిక వస్తుంది. అందుకే "రింగ్ వస్తోందిగా, పోర్టు తెరిచే ఉన్నట్టు" అన్న వాదన చెల్లదు. రింగ్ వచ్చిందంటే మొదటి దారి బాగుందని మాత్రమే అర్థం.

మన మాట వాళ్లకు వినిపిస్తూ వాళ్లది మనకు రావడం లేదనుకుందాం. అనుమానాలు ప్రధానంగా రెండు. వచ్చిన మాటను ఫైర్‌వాల్ ఆపేస్తూ ఉండాలి, లేదా మాట ఎక్కడికి పంపాలో మన సర్వరే తప్పు చెప్పి ఉండాలి. రెండోదే చాలామందికి తట్టదు. రౌటర్ వెనకున్న సర్వర్ "నా మాటలు 192.168.1.20కి పంపండి" అని బయటి ఫోన్ కంపెనీకి చెబుతుంది. అది లోపలి అడ్రస్. శుభలేఖ మీద "మా వీధి చివరి ఇల్లు" అని అచ్చువేయించి పొరుగూరి చుట్టాలకు పంచినట్టు ఉంటుంది. అలాంటప్పుడు పదివేల పోర్టులు తెరిచినా ఒరిగేదేమీ లేదు. సర్వర్ సెట్టింగుల్లో బయటి అడ్రస్ రాయాలి, ఏది లోపలి నెట్‌వర్కో కూడా చెప్పాలి.

ఈ రెంటిలో ఏదో ఊహించొద్దు, చూడండి. ఫైర్‌వాల్ బయటి వైపున, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి ఒక్క కాల్ చేయించండి. జీ.711 కోడెక్‌లో మామూలుగా 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్, అంటే సెకనుకు 50 వస్తాయి. తెర మీద మీ వైపు వచ్చే వరసలు పరుగెడుతుంటే మాట గుమ్మందాకా వచ్చినట్టే, రూల్స్ సరిచూసుకోండి. మీ వైపు ఒక్కటీ రాకపోతే ఫైర్‌వాల్ జోలికే పోకండి, అడ్రస్ చూడండి. ఇక మాటలు బాగానే నడిచి, ప్రతి కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతోందా? అప్పుడు ఆడియో పోర్టులను తిట్టి లాభం లేదు. కాల్ ఎత్తినట్టు పంపిన కబురుకు తిరుగు కబురు అందక సిప్ విసిగి పెట్టేస్తోంది. అది మొదటి దారి జబ్బు.

పోర్టులు తెరవాల్సి వచ్చినప్పుడైనా లెక్క వేయండి. ఆస్టరిస్క్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక మార్క్ స్పెన్సర్ 1999లో సొంతంగా రాసుకున్నది. దాని నమూనా ఫైల్లో ఆడియోకు 10000 నుంచి 20000 దాకా ఉంటుంది. మీ ఆఫీసులో ఒకేసారి 20 కాల్స్ నడుస్తాయనుకుందాం. కాల్‌కు లోపలి ఫోన్ వైపు రెండు పోర్టులు, బయటి కంపెనీ వైపు రెండు, అంతా కలిపి 80. కాస్త వెసులుబాటు వదిలి 10000 నుంచి 10199 దాకా పెట్టుకుంటే సరిపోతుంది. అదే హద్దు సర్వర్ ఫైల్లోనూ, ఫైర్‌వాల్‌లోనూ ఒకేలా ఉండాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే, పోర్టులు తెరిస్తేనే మాట లోపలికొచ్చే అమరికలో కొన్ని కాల్స్ బాగుంటాయి, కొన్ని మూగపోతాయి. "అప్పుడప్పుడూ వస్తోందండీ" అన్న ఫిర్యాదంత పీడ ఇంకోటి లేదు. చూద్దామని మీరు వెళ్లేసరికి అంతా బాగుంటుంది.

అడ్రస్ తేడా వస్తే ఇదీ చూడండి: రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒకటుంటుంది. సాయం చేస్తానని మధ్యలో దూరి అడ్రస్‌లు తిరగరాస్తుంది. చాలాసార్లు ఆపేయడమే మేలు.

మేనేజర్ ఇంకా వెనకే ఉన్నాడు కదా. "చూస్తున్నాను సార్" అన్న జవాబు ఆయనకు చాలదు, మీకూ పరువు కాదు. "రింగ్ దారి బాగుంది, మాట దారి చూస్తున్నాను. అరగంట ఇవ్వండి, ఈలోగా ముఖ్యమైన కాల్స్ సెల్‌ఫోన్ల మీద చేయించండి" అనండి. ఆయన మీ కుర్చీ వెనక నుంచి కదులుతాడు. వెంటనే ఫోన్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, సిప్ ఏ అడ్రస్‌ల నుంచి వస్తుందో, ఆడియో ఏ అడ్రస్‌ల నుంచి వస్తుందో విడివిడిగా రాయమనండి. రెండూ ఒకటే కానక్కర్లేదు. ఆ జాబితాకే తలుపు తీయండి, లోకానికంతటికీ వద్దు. ఫైర్‌వాల్ రూల్ పక్కన ఎందుకు తెరిచారో, ఏ తేదీన తెరిచారో, ఎవరు అడిగారో ఒక్క వరస రాయండి. వాళ్ల అడ్రస్‌లు మారినప్పుడు ముందుగా కబురు చేయమని కూడా అదే మెయిల్లో అడిగేయండి.