నీటిపై నిలబెట్టే విద్య: ప్రాణరక్షక కవచాల ఎంపిక

కోనసీమ కాలువలలోనైనా, తెలంగాణ చెరువులలోనైనా ఒకప్పుడు ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు పెద్దలు ఎండిన సొరకాయ బుర్రనో, బెండు కట్టనో కట్టి నీటిలోకి దింపేవారు. ఆ బుర్రలో ఉన్నది గాలి. ఆ గాలి నీటిని పక్కకు తోసి పిల్లవాడిని పైకి లేపేది. నేడు పడవ ప్రయాణాలలో ధరించే ప్రాణరక్షక కవచం, అనగా లైఫ్ జాకెట్, ఆ సొరబుర్రకు శాస్త్రీయ రూపమే. సూత్రం పాతదే అయినా, కవచాలన్నీ ఒక్కటి కావు. ఏది ఎవరిని కాపాడుతుందో, ఏది కాపాడదో తెలుసుకోవడం ప్రాణావసరం.

ఖతార్ మూడువైపులా సముద్రం ఉన్న ద్వీపకల్పం. దోహా కార్నిష్ నుండి చెక్క పడవలలో విహారం, సఫ్లియా ద్వీపానికి శుక్రవారపు ప్రయాణం, అల్ దఖీరా మడ అడవుల మధ్య చిన్న పడవల తెడ్లాట, అల్ వక్రా, అల్ ఖోర్ తీరాలలో చేపల వేట ఇక్కడి తెలుగు కుటుంబాలకు పరిచితమైన వినోదాలు. స్వదేశం నుండి చూడవచ్చిన తల్లిదండ్రులను కూడా పడవ ఎక్కిస్తారు. వారిలో చాలామందికి ఈత రాదు. పడవ అద్దెకు ఇచ్చేవారి వద్ద జాకెట్లు ఉన్నాయా అని అడగడంతో జాగ్రత్త తీరిందనుకోవడం పరిపాటి. అసలు ప్రశ్నలు ఆ తరువాతనే మొదలవుతాయి.

మూడు దుర్ఘటనల పాఠం

2006 మార్చి 30వ తేదీ రాత్రి బహ్రెయిన్ తీరానికి సమీపంలోనే అల్ దానా అనే విహారనౌక బోల్తాపడి ఏభైమందికి పైగా మరణించారు. మృతులలో భారతీయులు అనేకులు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా మృత్యువాత పడ్డారు. ఆ రెండు చోట్లా ఒడ్డు కనుచూపు మేరలోనే ఉన్నది.

మూడవది మరింత ఆలోచింపజేస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరి సుడులలో మునిగింది. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. పడవలో జాకెట్లు లేక కాదు. ఉక్కపోత వల్లనో, భోజనవేళ అయినదనో ప్రయాణికులలో పలువురు వాటిని విప్పివేశారని అప్పటి వార్తాకథనాలు తెలిపాయి. బ్రతికినవారిలో పలువురు జాకెట్లు ధరించి ఉన్నవారే.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని సామెత. సామెతలోని మనిషి ఏరు దాటేవరకైనా ఓర్చుకున్నాడు. జాకెట్టును మాత్రం ఏటి నడుమనే విప్పే అలవాటు ఉన్నది. దానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వేడి, బిగువు, అసౌకర్యం కూడా. కావున ఖతార్ వంటి వేడి దేశంలో ఎంపికకు తొలి సూత్రం ఇది: ఒంటిమీద గంటలకొద్దీ ఉంచుకోగలిగినదే మంచి కవచం. ఇక్కడ సౌకర్యం విలాసం కాదు, భద్రతలో భాగం.

మునక వెనుక లెక్క

మానవ శరీరపు సాంద్రత దాదాపు నీటి సాంద్రతతో సమానం. ఊపిరి నిండా పీల్చినప్పుడు నీటికంటే కొద్దిగా తక్కువ, పూర్తిగా విడిచినప్పుడు కొద్దిగా ఎక్కువ. అందువల్ల నీటిలో మొత్తం మునిగిన మనిషి బరువు దాదాపు శూన్యం. చిక్కు అంతా తలతోనే. మనిషి తల బరువు సుమారు నాలుగైదు కిలోలు. నోరు, ముక్కు నీటిపైన ఉండాలంటే ఆ భాగానికి నీటి ఊతం అందదు. దానిని మోయడానికి అదనపు బలం కావాలి. పెద్దవారిలో చాలామందికి మూడు నుండి అయిదున్నర కిలోల అదనపు ఊతం చాలుననడానికి కారణం ఇదే.

నీటిలోని ఉప్పు ఈ లెక్కను కొంత మారుస్తుంది. మహాసముద్రాలలో కిలో నీటికి సగటున 35 గ్రాముల లవణాలు ఉంటే, ఖతార్ తీరంలో 40 గ్రాములు దాటుతాయి. మంచినీటితో పోల్చితే ఇక్కడి సముద్రపు నీరు లీటరుకు 25 నుండి 30 గ్రాములు ఎక్కువ బరువు తూగుతుంది. డెబ్బయి కిలోల మనిషికి గోదావరిలో కంటే ఇక్కడ సుమారు రెండు కిలోల ఊతం అదనంగా లభిస్తుంది. పూర్వం ఈ తీరాన ముత్యాల కోసం మునిగేవారు అడుగుకు చేరడానికి కాలికి రాయి కట్టుకునేవారు. అయితే ఈ ఊతాన్ని నమ్మి జాకెట్టు విడిచిపెట్టరాదు. ఉప్పు మనిషిని తేలుస్తుందే తప్ప ముఖాన్ని పైకి తిప్పదు. వాయవ్యం నుండి షమాల్ గాలి వీచినప్పుడు ఈ లోతులేని సముద్రంలో పొట్టి, నిటారు అలలు త్వరత్వరగా లేచి ముఖాన్ని కప్పుతాయి.

న్యూటన్ల భాష

కవచపు ఊతాన్ని న్యూటన్లలో కొలుస్తారు. పది న్యూటన్లు సుమారు ఒక కిలో బరువును మోసే బలం. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 12402 కవచాలను ప్రధానంగా నాలుగు తరగతులుగా విభజించింది.

50: ఇది తేలడానికి తోడ్పాటు మాత్రమే. ఈత వచ్చి, సహాయం దగ్గరలోనే ఉన్నవారికి ఉద్దేశించినది. స్పృహ తప్పినవారి ముఖాన్ని పైకి తిప్పుతుందన్న హామీ లేదు. తెడ్ల పడవలవారికి చేతులు ఆడటానికి అనుకూలం.

100: తీరానికి సమీపంలో, ప్రశాంత జలాలలో ఉపయోగించేది. ఈత రానివారికి, పిల్లలకు కనీసం ఈ తరగతి అవసరం.

150: తీరానికి దూరంగా, అలలు లేచే చోట ఉపయోగించేది. స్పృహలేని మనిషిని వెల్లకిలా తిప్పే శక్తి దీనికి ఎక్కువ.

275: నడి సముద్రంలో, బరువైన దుస్తులు, పనిముట్లు ధరించినవారికి ఉద్దేశించినది.

ఈ అంకెలు పెద్దవారి శరీర బరువును దృష్టిలో ఉంచుకుని పెట్టినవి. పిల్లల కవచం అదే తరగతికి చెందినా, వారి బరువుకు తగినట్లు దాని వాస్తవ ఊతం తక్కువగా ఉంటుంది. అందుకే అంకెతోపాటు చీటీమీద ముద్రించిన శరీర బరువును తప్పక చదవాలి. ఏ ప్రమాణమూ, ఏ బరువూ ముద్రించని జాకెట్టు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది కవచం కాదు, దుస్తు మాత్రమే.

లోపల ఏమున్నది?

1854లో బ్రిటన్ ప్రాణరక్షక నౌకాసంస్థకు చెందిన కెప్టెన్ వార్డ్ బెరడు ముక్కలతో, అనగా కార్కుతో, కవచం రూపొందించాడు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ రేవులో రక్షణ పడవ తిరగబడి 13 మందిలో 12 మంది మరణించగా, ఆ కొత్త కవచం ధరించిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బ్రతికాడు. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో కార్కు స్థానంలో బూరుగు జాతి దూది, కాపోక్, వచ్చింది. తెలుగు ఇళ్ళలో దిండ్లకు కూరే బూరుగు దూది వంటిదే ఇది. దాని పోగు లోపల బోలు, పైన మైనపు పూత. కానీ నూనె తగిలినా, ఎక్కువకాలం నలిగినా అది నీటిని పీల్చుకుంటుంది.

నేటి కవచాలలో ఉండేది ప్లాస్టిక్ నురగ. ఇందులో రెండు రకాలు. స్పాంజిలో గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కావున నీరు చొరబడుతుంది. కవచాలకు వాడే నురగలో ప్రతి గదీ మూసుకుని ఉంటుంది. సొరబుర్రకు ఒక్క చిల్లు పడితే పని ముగిసినట్లే. ఈ నురగలో కొన్ని గదులు చితికినా మిగిలినవి తేలుస్తాయి. పాలీఇథిలీన్, పాలీవినైల్ క్లోరైడు నురగలు ఇందుకు వాడుకలో ఉన్నాయి. చవక జాకెట్లలో థర్మోకోల్, అనగా పాలీస్టైరీన్ నురగ, కూడా కనిపిస్తుంది. అది పెళుసు, పైగా పెట్రోలులో కరిగిపోతుంది. ఇంధనపు డబ్బా పక్కన జాకెట్లు కుక్కడం పడవలలో మామూలే కనుక ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

వాయువుతో నిండే కవచాలు

వేడిని భరించలేనివారికి సన్నని పట్టీలవంటి మరొక రకం ఉన్నది. మడిచిన సంచీలోకి చిన్న సిలిండరు నుండి కార్బన్ డయాక్సైడు ప్రవేశించి క్షణాలలో నింపుతుంది. 150 తరగతి కవచాలలో సాధారణంగా 33 గ్రాముల వాయువు ఉంటుంది. దాని అణుభారం 44 కావున ఇది 0.75 మోల్. ఇరవై అయిదు డిగ్రీల వద్ద, సాధారణ పీడనంలో ఇది సుమారు 18 లీటర్లు ఆక్రమిస్తుంది. అనగా 18 కిలోల ఊతం, 180 న్యూటన్లు. సంచీలోని అదనపు పీడనం వల్ల కొంత తగ్గినా 150కి లోటు రాదు.

పెద్దవారికి ఇది హాయి, కానీ పరిమితులున్నాయి. తనంతట నిండే రకాలలో చాలావాటికి మీట నీటిలో కరిగే చిన్న బిళ్ళ మీద ఆధారపడుతుంది. దోహా వేసవి చివరి తేమకు ఆ బిళ్ళ చెడవచ్చు. గడువు తేదీకి ముందే మార్చాలి. సిలిండరు ఒకసారి వాడితే ఖాళీ. కార్బన్ డయాక్సైడు 31 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అన్న భేదం కోల్పోతుంది. ఆపై వేడితోపాటు సిలిండరులో పీడనం వేగంగా పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో దీనిని వదలరాదు. అమెరికాలో పదహారేళ్ళలోపువారికి ఈ రకాన్ని సాధారణంగా ఆమోదించరు. ఈత రానివారికి కూడా యంత్రాంగం మీద ఆధారపడని నురగ కవచమే మేలు. విమానంలో తెచ్చుకునేవారు సిలిండరు గురించి ముందుగా విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి.

ఎండ, ఉప్పు, కాలం

నురగ కవచానికి నీటికంటే ఎండే పెద్ద శత్రువు. అతినీలలోహిత కిరణాలు నైలాను గుడ్డలోని పొడవైన అణు గొలుసులను తెంచుతాయి. నారింజ రంగు వెలిసిందంటే గుడ్డ, దారం బలం కూడా తగ్గాయని భావించాలి. అధిక వేడికి నురగ ముడుచుకుంటుంది. బరువుకింద నలిగితే గదులలోని గాలి తగ్గుతుంది. వాడిన ప్రతిసారి మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, బరువులు పెట్టకుండా వేలాడదీయాలి. కారు డిక్కీ దాని నివాసం కాదు.

ఎవరికి ఏది?

పసివారికి, చిన్నపిల్లలకు తల వెనుక మెత్తని దిండు, పైకి లాగే పిడి, కాళ్ళ మధ్యనుండి వచ్చే పట్టీ మూడూ ఉండాలి. పట్టీ లేకపోతే నీటిలో కవచం పైకి జారి, పిల్లవాడు కిందికి జారిపోతాడు. రేపు పెరుగుతాడని ఒక సైజు పెద్దది కొనడం పండుగ బట్టలకు చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. బిగించిన తరువాత భుజాల వద్ద పట్టుకుని పైకి లాగినప్పుడు గడ్డం, చెవులు దాటి రాకూడదు.

పెద్దవారికి ఛాతీ కొలత ముఖ్యం. చీర కట్టుకున్నవారికి కాళ్ళ మధ్య పట్టీ అమరదు. పడవ ప్రయాణం రోజున సల్వారు వంటి దుస్తులు మేలు. చున్నీ, పైట కవచం లోపల ఉండాలి. నారింజ, పసుపు రంగులు నీటిపై దూరానికి కనిపిస్తాయి. నీలం, తెలుపు అలలలో కలిసిపోతాయి. ఈల, వెలుగును ప్రతిఫలించే పట్టీ తప్పనిసరి.

ఇంటివద్ద పరీక్ష

ఏడాదికొకసారి నురగ కవచాన్ని ఈతకొలనులో పరీక్షించవచ్చు. అయిదు కిలోల ఇనుప డంబెల్ తనతో సమానమైన ఘనపరిమాణం గల నీటిని తోయడం వల్ల నీటిలో సుమారు 4.3 కిలోలే తూగుతుంది. 50 తరగతి కవచం అటువంటిది ఒకటి, పెద్దవారి 100 తరగతి కవచం రెండు మోస్తూ గంటసేపు తేలాలి. మునిగినదాన్ని దానం చేయకూడదు, కత్తిరించి పారవేయాలి. తేలినా పరీక్ష అంతటితో తీరదు. ధరించే మనిషే దానితో ఛాతీలోతు నీటిలో దిగి, ఒళ్ళు వదలి, నోరు నీటిపైన నిలుస్తున్నదో లేదో చూసుకోవాలి. పిల్లలకు ఈ అనుభవం ముందే కలిగితే అవసర సమయంలో బెదరు.

పడవ కదలకముందే తలకొక్క కవచం ఉన్నదో లెక్కించి, అందరికీ బిగించి, చివరగా పెద్దలు కూడా ధరించాలి. పెద్దలు ధరించనిదానిని పిల్లలు భరించరు. ఖతార్‌లో అత్యవసర సహాయానికి సంఖ్య 999. కానీ సహాయం చేరేవరకు మనిషిని నిలిపేది ఒంటిమీది కవచమే. సొరబుర్ర కట్టుకున్న పల్లె పిల్లవాడు గట్టెక్కేదాకా ముడి విప్పేవాడు కాదు. భోజనవేళ అయినా, ఉక్కపోసినా, ఒడ్డు కనిపిస్తున్నా, పాటించవలసిన నియమం ఇప్పటికీ అదే.