స్కాన్ రిపోర్టులో 'కిడ్నీ దాని చోట లేదు' అని వస్తే...



కడుపునొప్పి అంటే పిల్లలకు చోడవరంలోనో అనకాపల్లిలోనో స్కానింగ్ తీయిస్తాం. రిపోర్టులో 'కుడి కిడ్నీ దాని స్థానంలో కనిపించలేదు' అని ఉంటే? ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తరచూ వినే మన ఉత్తరాంధ్రలో ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. కంగారుపడే ముందు ఇది చదవండి.

ఇలా ఎందుకు ఉంటుంది?

కిడ్నీలు వెన్నెముకకు రెండు వైపులా ఉంటాయని, కాలేయం వల్ల కుడిది కాస్త కిందకి ఉంటుందని పదో తరగతి పిల్లలే చెబుతారు. అయితే అవి తయారయ్యేది అక్కడ కాదు. పిండంలో పొత్తికడుపు అడుగున ఏర్పడి, సుమారు 6 నుంచి 9 వారాల మధ్య పైకి చేరతాయి. దారిలో ఆగిపోతే కిడ్నీ కిందే ఉండిపోతుంది. కొందరిలో ఒకటి రెండో వైపుకు దాటుతుంది. సుమారు 500 మందిలో ఒకరికి రెండూ కలిసిపోయి గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. గ్రహణం చూడటం వల్ల ఇలా రాదు. తల్లిని నిందించకండి.

ఇది జబ్బా?

చాలామందిలో ఆ కిడ్నీ బాగానే పనిచేస్తుంది, జీవితాంతం ఏ బాధా ఉండదు. ఉద్దానంలో కిడ్నీ పనితీరే దెబ్బతింటోంది; ఇక్కడ మారింది స్థానం. అయితే కొందరిలో మూత్రం సాఫీగా దిగక ఇన్ఫెక్షన్లు, వాపు, రాళ్లు రావచ్చు.

మీరు చేయవలసినవి

1. 'కిడ్నీ అసలు లేదా, వేరే చోట ఉందా?' అని డాక్టరును అడగండి.
2. బీపీ, మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ అవసరమా అని అడగండి. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజీ, యూరాలజీ విభాగాలు ఉన్నాయి.
3. చలిజ్వరం, మూత్రంలో మంట లేదా రక్తం, పదేపదే నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి.
4. రిపోర్టు భద్రపరచండి. ఎప్పుడైనా పొట్ట ఆపరేషన్ అవసరమైతే ముందుగా సర్జనుకు చూపించండి. కిందనున్న కిడ్నీని గడ్డ అని పొరబడే అవకాశం ఉంది.
5. ఆటలు మాన్పించకండి. కిందనున్న కిడ్నీకి పక్కటెముకల రక్షణ ఉండదు కనుక కబడ్డీ వంటి వాటికి మాత్రం డాక్టరు సలహా తీసుకోండి.

ఈ విషయాన్ని పిల్లల హెల్త్ కార్డులో రాయించి, క్లాస్ టీచరుకు చెప్పండి. అత్యవసర వేళ ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగపడుతుంది.